మొదటి హాఫ్ మారథానా? హైదరాబాద్ ఫ్లైఓవర్లకు ఇలా సిద్ధమవ్వండి

హాఫ్ మారథాన్ అంటే 21.1 కిలోమీటర్లు. ఇప్పటికే ఆగకుండా 5 కిలోమీటర్లు పరిగెత్తగలిగితే మూడు నెలల ప్రాక్టీస్ చాలు, వారానికి నాలుగు రోజులు. అందులో మూడు రోజులు పక్కవాళ్లతో కబుర్లు చెప్పగలిగేంత నెమ్మదిగానే వెళ్లండి, చాలామంది ఇక్కడే తొందరపడి మోకాళ్ల మీదికి తెచ్చుకుంటారు. ఆదివారం లాంగ్ రన్‌ని వారానికి ఒకటి రెండు కిలోమీటర్లు పెంచుతూ, మధ్యలో ఒకటి రెండు వారాలు కాస్త తగ్గిస్తూ, రేసుకు రెండు వారాల ముందుకి 17 దాకా తీసుకెళ్లండి. ముందే 21 పరిగెత్తి చూడాల్సిన పనిలేదు.

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ దారంతా ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలే. అందుకే నాలుగో రోజు కేబీఆర్ పార్కు చుట్టూ ఎత్తులు ఎక్కడం అలవాటు చేసుకోండి: అడుగులు చిన్నవిగా పడాలి, నడుము వంగకూడదు, వేగం తగ్గితే తగ్గనివ్వండి కానీ ఆయాసం రానివ్వద్దు. దిగేటప్పుడు కాళ్లు బ్రేకుల్లా బిగపట్టొద్దు, మర్నాడు తొడలు పట్టేస్తాయి.

ఉక్కపోతకి ఒట్టి నీళ్లు సరిపోవు, ఓఆర్‌ఎస్ దగ్గరుంచుకోండి. చంకల్లో, తొడల మధ్య వాజిలిన్ రాయడం మర్చిపోతే స్నానం చేసేటప్పుడు మంట భరించలేరు!

రేసు రోజు కొత్త షూ, కొత్త సాక్సు, అలవాటు లేని ఎనర్జీ జెల్లు (పరుగు మధ్యలో శక్తి కోసం తినే తీపి గుజ్జు), ఏవీ వద్దు. రెండు గంటల ముందు రెండు ఇడ్లీలో, ఓ అరటిపండో తినండి. గుంపు ఊపులో మొదటి మూడు కిలోమీటర్లు పరుగు లంకించుకోకండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం లాంటివి ఉంటే మాత్రం వెంటనే ఆగి వాలంటీర్‌ని పిలవండి, మెడల్ వచ్చే ఏడాదైనా దొరుకుతుంది.