గ్రూప్ వెల్‌నెస్ సెషన్ నడపాలంటే ముందు మనం నోరు కట్టుకోవాలి

నోరు కట్టుకోవడం అంటే తిండి విషయంలో అంటాం కదా, ఇక్కడ మాట విషయంలో, అదీ ఆరోగ్య అలవాట్లు మార్చుకోవడానికి సాయపడే వెల్‌నెస్ కోచ్‌కి. విడిగా ఒక్కొక్కరికి కోచింగ్ చేయడం వచ్చేసింది కాబట్టి పదిమందిని కూర్చోబెట్టి అదే చేస్తే సరిపోతుంది అనుకుని నేను గ్రూప్ మొదలుపెట్టా. తొమ్మిది మంది, గంట సెషన్. వాళ్ళని అడిగే రికార్డ్ చేశా, రాత్రి కూర్చుని వింటే గంటలో నలభై నిమిషాలు నా గొంతే. ఒకావిడ నిద్ర పట్టట్లేదు అంది, అంతే, నిద్ర మీద లెక్చర్ పీకేశా. అందరూ బుద్ధిగా తలూపారు, తర్వాతి వారం ముగ్గురు రాలేదు.

అప్పట్నుంచి ఒక పని చేస్తున్నా, మీరూ చేయండి, ఖర్చు లేదు. కాగితం మీద గుండ్రంగా అందరి పేర్లూ రాసుకోండి, మీ పేరు కూడా. ఎవరు ఎవరితో మాట్లాడితే ఆ ఇద్దరి మధ్య ఒక గీత. పది నిమిషాలు గీస్తే చాలు బొమ్మ తేలిపోతుంది. నాది సైకిల్ చక్రంలో స్పోక్స్ లాగా వచ్చింది, గీతలన్నీ నా దగ్గరికే. అది గ్రూప్ కాదండి, తొమ్మిది మంది క్యూలో నిలబడి ఒక్కొక్కరుగా నాతో మాట్లాడ్డం. అడ్డగీతలు, అంటే వాళ్ళలో వాళ్ళకి మధ్య గీతలు పెరగాలి, మిగతా స్కిల్స్ అన్నీ దానికోసమే.

అడ్డగీత ఎలా వస్తుందంటే, మనం జవాబు చెప్పకుండా ప్రశ్నని పక్కకి తోసేయాలి. ఒకాయన "సాయంత్రం ఆఫీస్ నుంచి వచ్చాక వాకింగ్‌కి ఓపిక ఉండట్లేదు" అన్నాడు అనుకోండి, నాలుక చివర పది టిప్స్ ఉంటాయి, మింగేయండి. "పోయిన వారం మీరూ ఇదే అన్నారు కదా, తర్వాత ఏం చేశారు?" అని ఇంకొకరిని అడగండి. వినడానికి చిన్న విషయమే, కానీ ఎవరేం చెప్పారో వారం వారం గుర్తుండాలి, అందుకే సెషన్ అవగానే ఐదు నిమిషాలు నోట్స్ రాసుకోకుండా లేవకండి.

ప్రశ్న అడిగి ఆగడం ఇంకో కష్టం. 1970ల్లో మేరీ బడ్ రో అనే ఆవిడ క్లాస్‌రూముల్లో చూసింది, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకనుకి మించి ఆగట్లేదు, అదే 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతున్నాయి, ఎప్పుడూ మాట్లాడని వాళ్ళు కూడా నోరు తెరుస్తున్నారు. పెద్దవాళ్ళకీ అంతే, నేనైతే ఐదు లెక్కపెడతా. ఆన్‌లైన్‌లో అయితే పది, మ్యూట్ తీయడానికే సగం పోతుంది.

ఏం అడగాలి అనేదానికి మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే మాట్లాడే పద్ధతి నేర్చుకోండి, వేరే ఏది వదిలేసినా ఇది వదలకండి. తాగుడు సమస్య ఉన్నవాళ్ళతో పనిచేస్తూ విలియం మిల్లర్ అనే సైకాలజిస్ట్ 1983లో దీని గురించి రాశాడు, తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పెంచాడు. అసలు సంగతి ఏంటంటే, మారాలి అని మనం వాదిస్తే అవతలి మనిషి మారకూడదు అనే వైపు వాదిస్తాడు, కాబట్టి మారాలి అనే మాట వాళ్ళ నోటి నుంచే రావాలి. ఒక ముక్క చూపిస్తా. "ఈ వారం చేయగలను అనే నమ్మకం 0 నుంచి 10లో ఎంత?" అని అడిగితే ఒకమ్మాయి 4 అంది. ఇక్కడ మామూలుగా మనం "ఎందుకు 8 కాదు?" అంటాం, అంటే సాకుల మూట విప్పమని అడిగినట్టే. దాని బదులు "4 అన్నారే, 2 ఎందుకు అనలేదు?" అన్నా. కాసేపు ఆలోచించి "అంటే... పోయినేడాది రెండు నెలలు చేశాను కదా" అంది. పక్కనున్నావిడ వెంటనే "అప్పుడెలా కుదిరింది?" అంది, ఇక నేను మాట్లాడాల్సిన పనే పడలేదు. గ్రూప్‌లో అయితే అందరినీ ఒకేసారి వేళ్ళతో నంబర్ చూపించమనండి, ఒకరిని చూసి ఒకరు మార్చుకోకుండా ఉంటారు.

గోల్ విషయానికొస్తే "రేపట్నుంచి నడుస్తా" అనేది గోల్ కాదు, కోరిక. "రాత్రి తిని ప్లేట్ సింకులో పెట్టగానే షూస్ వేసుకుని 10 నిమిషాలు" అనేదాకా వదలకండి. ఇది జరగగానే అది చేస్తా అనే ఈ పద్ధతి మీద పీటర్ గోల్విట్జర్ అనే సైకాలజిస్ట్ చాలా పని చేశాడు. పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం అని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పేది నిజమే గానీ సున్నా దగ్గర ఉన్న మనిషికి మొదటి వారమే ఆ అంకె చెప్తే రెండో వారం కనపడడు.

ఇక మనుషుల సంగతి. ప్రతి గ్రూప్‌లో ఒకరు మైకు వదలరు. ఊపిరి తీసుకునే గ్యాప్‌లో దూరి "మీరు చెప్పిన మూడింట్లో ఒత్తిడి సంగతి చాలామందికి ఉన్నట్టుంది, ఇటువైపు వాళ్ళకి ఎలా ఉంది?" అంటే వాళ్ళ మాటకి విలువ ఇచ్చినట్టూ ఉంటుంది, మాట చేతులూ మారుతుంది. అసలు మాట్లాడని వాళ్ళని పేరు పెట్టి పిలవడం నాకు నచ్చదు, ముందు ఇద్దరిద్దరుగా మూడు నిమిషాలు మాట్లాడించి తర్వాత అందరిలోకి తెస్తే వాళ్ళే చెప్తారు. మూడో నాలుగో వారం చిరాకులు మొదలవుతాయి, లేటుగా వచ్చేవాళ్ళ మీద, నా మీద కూడా. ఆ గొడవ దశ గ్రూపుల్లో మామూలేనని బ్రూస్ టక్‌మన్ అనే సైకాలజిస్ట్ 1965లోనే రాశాడు, అది చదవక ముందు నేను ఊరికే బెంగపడేదాన్ని. ఇక్కడ విన్నది బయటికి పోకూడదు అనే రూల్ మాత్రం మొదటి రోజే వాళ్ళ చేతే చెప్పించండి.

నోరు కట్టుకోకూడని చోటు ఒకటుంది. ఒకాయన "బీపీ టాబ్లెట్ మానేశా, హాయిగా ఉంది" అన్నాడు, ఇంకొకాయన "అయితే నేనూ మానేయొచ్చా?" అన్నాడు. అక్కడ ఐదు లెక్కపెట్టకండి. "మందు మానడం, మార్చడం మీ డాక్టర్‌తో మాట్లాడే చేయాలి, ఇక్కడ ఆ సలహా ఎవరం ఇవ్వం" అని వెంటనే, అందరికీ వినపడేలా చెప్పండి, సెషన్ అయ్యాక ఆయన్ని విడిగా కలిసి ఈ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయమనండి. మనం రోగం ఇదీ అని చెప్పం, మందు రాయం. ఛాతీ నొప్పి అన్నా, బతకాలని లేదు అన్నా సెషన్ ప్లాన్ పక్కన పడేసి ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా ఎమర్జెన్సీ సాయం పిలవడమే, ఆ నంబర్లు ముందే రాసి దగ్గర పెట్టుకోండి.

ఎన్నాళ్ళు నడపాలి అంటే, అమెరికాలో డయాబెటిస్ రాకుండా చేసే ప్రోగ్రాం ఏడాది పాటు గ్రూపులుగా నడుస్తుంది, మొదటి ఆరు నెలల్లో కనీసం 16 సెషన్లు, తర్వాత నెలకొకటి. దీనికి మూలమైన స్టడీలో (అప్పట్లో ఒక్కొక్కరికి విడిగా చేశారు) లైఫ్‌స్టైల్ మార్చుకున్న వాళ్ళకి డయాబెటిస్ రావడం 58 శాతం తగ్గిందని 2002లో తేలింది. నాకు అందులో నచ్చింది మొదట దగ్గర దగ్గరగా, తర్వాత దూరం దూరంగా అనే లెక్క. నేను చేసేది 12 వారాలే, కానీ చివరి మూడు సెషన్లు రెండు వారాలకొకటి పెడతా, మధ్య వారం వాళ్ళంతట వాళ్ళే కలవమంటా.

నా మూడో గ్రూప్ వాళ్ళు ఇప్పటికీ శనివారం శనివారం వీడియో కాల్‌లో కలుస్తారట. నన్నయితే ఇంతవరకు యాడ్ చేయలేదు.