సూర్యుడు మందగించిన రోజుల్లో హామ్ రేడియో – 3వ పాఠం: డాబా మీద 40 మీటర్ల బ్యాండు తీగ

హామ్ రేడియో అంటే లైసెన్సుతో సరదాకి నడిపే ఔత్సాహిక రేడియో. కిందటి పాఠంలో సోలార్ ఫ్లక్స్ (సూర్యుడి చురుకుదనాన్ని చెప్పే కొలత), కె-సూచీ (భూ అయస్కాంత అలజడి కొలత) చూడటం నేర్చుకున్నాం. ఫ్లక్స్ 70 దగ్గరే ఆగిపోయిన రోజుల్లో 10 మీటర్ల బ్యాండ్ (తరంగం పొడవును బట్టి పెట్టిన పేరు) చాలావరకు మూగగా ఉంటుంది. 15 మీటర్లు ఎప్పుడో కాసేపు పలుకుతుంది. 20 మీటర్లు పొద్దుగూకిన కాసేపటికి సద్దుమణుగుతుంది. సూర్యుడి చురుకు కనిష్ఠానికి పడిన 2019 డిసెంబరులో ఇదే పరిస్థితి. 25వ సౌరచక్రం (సూర్యుడి చురుకు పెరిగి తగ్గే ఒక ఆవృత్తి) 2024 అక్టోబరులో శిఖరం దాటింది కాబట్టి మళ్లీ అటువైపే దిగుతున్నాం. కానీ ఆ రోజుల్లో కూడా 40 మీటర్లు రాత్రింబవళ్లు ఏదో ఒక దిక్కుకు పనిచేస్తూనే ఉంటుంది. పైగా సౌరజ్వాలలు తగ్గిపోతాయి, అవి కొట్టినప్పుడు పట్టపగలు బ్యాండంతా ఒక్కసారిగా చచ్చిపోయే బెడదా తగ్గుతుంది. అందుకే ఈ పాఠం మొత్తం ఈ ఒక్క బ్యాండుకే.

మన దేశంలో 40 మీటర్లంటే 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్. మధ్యన 7.1 పట్టుకుందాం. మనం వేసేది డైపోల్, అంటే నడిమిన కేబులు తగిలించి రెండు చేతులుగా చాచిన తీగ యాంటెన్నా. దాని పొడవు కోసం 143ని 7.1తో భాగిస్తే 20.14 మీటర్లు, అంటే ఒక్కో చేయి సుమారు 10.07 మీటర్లు. ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు. పీవీసీ తొడుగు వల్ల తీగ ఇంకో రెండు మూడు శాతం పొట్టిగా ఉండాల్సి వస్తుంది. అయినా మొదట ఒక్కో చేయి 10.4 మీటర్లకు కోయండి. పొడుగును తగ్గించుకోవచ్చు, పొట్టిదాన్ని అతకడమే తలనొప్పి. కనెక్టర్లు, ఆర్‌జీ-58 కేబులు (రేడియోను యాంటెన్నాకు కలిపే కోయాక్సియల్ తీగ), ఫెర్రైట్ రింగు కోసం హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో, తాళ్లు, పైపు, క్లాంపుల కోసం రాణిగంజ్‌లో వెతకండి.

నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంటు డాబా వెడల్పు 12 మీటర్లు, పొడవు 15 మీటర్లు ఉందనుకుందాం. దాని కర్ణం 19 మీటర్లు దాటుతుంది. నడిమి స్తంభం 6 మీటర్ల ఎత్తున, తీగ కొసలు 2.5 మీటర్ల ఎత్తున ఉంటే ఒక్కో చేయి నేల మీద తొమ్మిదిన్నర మీటర్ల జాగా తీసుకుంటుంది. అంటే మూల నుంచి మూలకు సరిగ్గా సరిపోతుంది. జాగా చాలకపోతే చివరి మీటరున్నర తీగను నిట్టనిలువుగా కిందికి వేలాడదీయండి, పెద్ద నష్టం ఉండదు. లిఫ్ట్ రూము గోడకు పైపును రెండు చోట్ల క్లాంపు చేస్తే స్తంభం సమస్య తీరినట్టే. కొసలు మాత్రం బట్టలారేసే వాళ్ల చేతికి అందకూడదు. ప్రసారం చేసేటప్పుడు అక్కడ వోల్టేజీ ఎక్కువ, ముట్టుకుంటే కాలుతుంది. పైపు పడితే కరెంటు తీగల మీద పడే అవకాశం ఏ కొంచెం ఉన్నా ఆ చోటు వద్దు.

కేబులు డైపోల్‌ను కలిసే చోట చోక్ (కేబులు పైతొడుగు మీద కరెంటు పారకుండా ఆపే చుట్ట) తప్పనిసరి. ఎఫ్‌టీ-240-43 రకం ఫెర్రైట్ రింగు మీద అదే ఆర్‌జీ-58 కేబులును 12 చుట్లు చుట్టండి. ఇది లేకపోతే కేబులు పైతొడుగు కూడా యాంటెన్నాలో భాగమైపోయి, ఇంట్లోని ఎల్‌ఈడీ బల్బుల రొదంతా రిసీవర్లోకి మోసుకొస్తుంది. 25 మీటర్ల ఆర్‌జీ-58 ఈ ఫ్రీక్వెన్సీలో ఒక డెసిబెల్ దాకా మింగుతుంది. దానికోసం లావుపాటి కేబులు కొనడం డబ్బు దండగ.

ఇక కొలత. నానోవీఎన్ఏను (యాంటెన్నాను కొలిచే చిన్న పరికరం) కేబులు తగిలించే చోటే ఓపెన్, షార్ట్, లోడ్ అనే మూడు క్యాలిబ్రేషన్ ముక్కలతో సరిచేసి, 6.5 నుంచి 7.5 మెగాహెర్ట్జ్ దాకా స్వీప్ చేయండి. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి శక్తి ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే నిష్పత్తి, 1కి దగ్గరైతే మంచిది) కనిష్ఠం మొదట 6.7, 6.9 మధ్య ఎక్కడో కనిపిస్తుంది. రెండు చేతులూ చెరో 10 సెంటీమీటర్లు తగ్గిస్తే అది దాదాపు 70 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. వెంటనే కోయకుండా కొసను వెనక్కి మడిచి తీగకే బిగుతుగా చుట్టి చూడండి, కుదిరాక కోయండి. 7.1 దగ్గర 1.5 లోపు వస్తే ఆపేయండి. కేబులును చేత్తో పట్టుకున్నప్పుడు కనిష్ఠం పక్కకు జరుగుతోందంటే చోక్ పనిచేయడం లేదని అర్థం.

ఒక మోసం గురించి జాగ్రత్త. వానాకాలం తర్వాత ఎస్‌డబ్ల్యూఆర్ ఉన్నట్టుండి మునుపటికంటే బాగుంటే సంబరపడకండి. కేబులు అల్లికలోకి నీళ్లు దిగి ఉంటాయి. తిరిగొచ్చే శక్తిని కూడా ఆ తడి కేబులే మింగేస్తుంది కాబట్టి మీటరు అందంగా కనిపిస్తుంది, సిగ్నల్ మాత్రం ఎక్కడికీ పోదు. జాయింటు మీద సెల్ఫ్-అమాల్గమేటింగ్ టేపు (తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు) సాగదీసి చుట్టి, దాని మీద మామూలు నల్లటేపు వేయండి. సంక్రాంతికి ముందు తీగ దించుకోవడం మేలు. మాంజా చిక్కుకుంటే పిల్లలు లాగుతారు, తీగ తెగుతుంది. వేసవి ఉరుముల వానలకు కేబులు విప్పి కిటికీ బయటే పెట్టండి.

తీగ ఎక్కాక అసలు శత్రువు రొద. రిసీవరును 12 వోల్టుల బ్యాటరీ మీద పెట్టి, ఇంటి మెయిన్ ఆపి, రిసీవరులో సిగ్నల్ బలాన్ని చూపే ఎస్-మీటరు చూడండి. ఎస్8 కాస్తా ఎస్3కి పడిందంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. మెయిన్ వేసి ఎంసీబీలు ఒక్కొక్కటే ఆపుతూ పోండి. ఇన్వర్టరు, సెట్‌టాప్ బాక్సు అడాప్టరు, చవక ఎల్‌ఈడీ డ్రైవరు తరచూ దొరికేవి. మెయిన్ ఆపినా పడకపోతే లిఫ్టు డ్రైవో, పక్కింటి సోలార్ ఇన్వర్టరో అయ్యుంటుంది. సోలార్ రొద పొద్దుగూకగానే పోతుంది, లిఫ్టుది ఆగి ఆగి వస్తుంది. సూర్యుడు బలంగా ఉన్నప్పుడు ఈ రొదను దాటుకుని వినిపించే స్టేషన్లు ఇప్పుడు దాని కిందే ఉండిపోతాయి. కాబట్టి ఈ పనికి పెట్టే ఒక పూట వృథా కాదు.

ఎప్పుడు ఎటు వినాలి? ఇంత తక్కువ ఎత్తు తీగ శక్తిని ఎక్కువగా పైకే పంపుతుంది. అది తిరిగి దగ్గర్లో దిగాలంటే ఎఫ్2 పొర (రేడియో తరంగాలను వెనక్కి వంచే పై వాతావరణ పొర) క్రిటికల్ ఫ్రీక్వెన్సీ, అంటే నిట్టనిలువుగా పంపినా తిరిగొచ్చే గరిష్ఠ ఫ్రీక్వెన్సీ, 7 మెగాహెర్ట్జ్ దాటాలి. మన అక్షాంశంలో కనిష్ఠ కాలంలోనూ చాలా రోజులు పగలు ఆ మాత్రం ఉంటుంది. అందుకే పొద్దెక్కాక విజయవాడ, బెంగళూరు ఎల్‌ఎస్‌బీలో (ఈ బ్యాండులో మాటలకు వాడే లోయర్ సైడ్‌బ్యాండ్ పద్ధతి) హాయిగా వినిపిస్తాయి. మధ్యాహ్నం ఎఫ్2కి కిందుండే డి పొర సిగ్నల్‌ను కొంత మింగేస్తుంది. రాత్రికి ఎఫ్2 పలచబడగానే విజయవాడ మాయమై, ఢిల్లీ గట్టిగా వస్తుంది. రేడియో చెడిపోలేదు, స్కిప్ (తరంగం పైకెళ్లి మళ్లీ నేలకు దిగే దూరం) పెరిగింది, అంతే. సూర్యాస్తమయం వేళ తూర్పు దిక్కున జపాన్, ఆస్ట్రేలియా వినండి. తెల్లవారుజామున 4 నుంచి సూర్యోదయం దాకా పడమర వంతు, యూరప్ చాలావరకు అప్పుడు చీకట్లో ఉంటుంది. డిసెంబరులో మనకు ఆరున్నర దాటాకే తెల్లారుతుంది కాబట్టి ఈ అవకాశం ఇంకాసేపు దొరుకుతుంది.

మాట అందనప్పుడు 7.074 మెగాహెర్ట్జ్‌లో యూఎస్‌బీ (అప్పర్ సైడ్‌బ్యాండ్) పెట్టి, కంప్యూటరుతో నడిచే డిజిటల్ పద్ధతి ఎఫ్‌టీ8కి మారండి. రొద కంటే 20 డెసిబెళ్లు కిందున్న సిగ్నల్నీ అది చదువుతుంది. కంప్యూటరు గడియారం సెకను తేడా దాటితే డీకోడ్‌లు సరిగా రావు, ముందు దాన్ని ఇంటర్నెట్ సమయంతో కలపండి. ప్రసారంలో ఏఎల్‌సీ (ఆడియో మితిమీరితే అదుపు చేసే ఏర్పాటు) సూది కదలకుండా ఆడియో తగ్గించండి. ఎక్కువైతే మీ సిగ్నల్ వెడల్పై పక్కవాళ్లను చెడగొడుతుంది. ట్రాన్స్‌మిట్ మీట మాత్రం వీయూ కాల్‌సైన్ (మన దేశంలో లైసెన్సుతో వచ్చే స్టేషను గుర్తు) చేతికొచ్చాకే నొక్కాలి.

ఈ వారం అభ్యాసం: ఉదయం 5:00, 8:00, సాయంత్రం సూర్యాస్తమయం, రాత్రి 9:30, ఈ నాలుగు వేళల్లో 15 నిమిషాల చొప్పున వినండి. కాల్‌సైన్, సిగ్నల్ బలం, ఆ రోజు ఫ్లక్స్ రాయండి. సమయం యూటీసీలో రాయాలి, అంటే మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేయాలి. రాత్రి దగ్గరి స్టేషన్లు ఏ గంటకు మాయమవుతున్నాయో ప్రత్యేకంగా గుర్తు పెట్టండి. వచ్చే పాఠంలో 80 మీటర్లకు ఎప్పుడు దిగాలో ఆ లాగ్ చూసే తేల్చుకుంటాం.