సైన్సు టీచరు కావాలంటే: బీఈడీ దరఖాస్తులో స్టడీ సర్టిఫికెట్ల చిక్కు

బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో ర్యాంకు తెచ్చుకుని కూడా కౌన్సెలింగ్ దగ్గర ఆగిపోయే పిల్లలు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏటా కనిపిస్తూనే ఉంటారు. చాలామందికి అడ్డం పడేది తొమ్మిదో తరగతి ఎక్కడ చదివారో చూపించే కాగితం. "ఆ కాగితం మేం పుట్టిస్తాం" అని డబ్బు గుంజేవాళ్లు, "ఈ గొడవంతా ఎందుకు, మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తాం రండి" అనేవాళ్లు సరిగ్గా ఆ సమయానికే తయారవుతారు. అందుకని మామూలు మెట్లు గబగబా చెప్పేసి, ఆ కాగితం సంగతి నింపాదిగా చూద్దాం.

ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు చెప్పేవాళ్లది స్కూల్ అసిస్టెంట్ పోస్టు. ఫిజికల్ సైన్స్ వేరు, బయాలజీ వేరు. దేనికైనా డిగ్రీ మీద బీఈడీ ఉండాలి, ఆ తర్వాత టీచర్ అర్హత పరీక్ష టెట్ పాసవ్వాలి, టీచర్ ఉద్యోగాల నియామక పరీక్ష డీఎస్సీ రాయాలి. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చాక బీఈడీ వైపు మళ్లీ చూపు పెరిగింది. ఒక్క మాట ముందే తెలుసుకోండి. బీఈడీ చేస్తే ప్రాథమిక బడుల్లో చెప్పే ఎస్జీటీ పోస్టుకు కూడా పనికొస్తుందని ఇప్పటికీ కొందరు నమ్మబలుకుతున్నారు. ప్రాథమిక తరగతులు చెప్పడానికి బీఈడీ అర్హత కాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులోనే తీర్పు చెప్పింది. ఎస్జీటీ కావాలనుకునేవాళ్ల దారి డీఎల్‌ఈడీ, దానికి రాయాల్సింది డీసెట్.

బీఈడీ రెండేళ్ల కోర్సు. ఒకప్పుడు ఏడాదిలో అయిపోయేది, 2015 నుంచి రెండేళ్లు చేశారు. చేరాలంటే ఎడ్‌సెట్ రాయాలి. డిగ్రీలో 50 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40 శాతం చాలు. బీటెక్ వాళ్లకు 55. వయసు 19 నిండితే చాలు, పైన హద్దు లేదు. పెళ్లయి పిల్లలు పుట్టాక మళ్లీ చదువుదామనుకునే ఆడవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోండి. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నవాళ్లూ రాయొచ్చు, కౌన్సెలింగ్ నాటికి పాసై ఉండాలి. బీఎస్సీ అగ్రికల్చర్, బీఫార్మసీ, ఎల్‌ఎల్‌బీ లాంటి వృత్తి కోర్సులు చేసినవాళ్లకు మాత్రం అవకాశం లేదు. పేరులో బీఎస్సీ ఉంది కదా అని అగ్రికల్చర్ పిల్లలు ఫీజు కట్టేసి తర్వాత బాధపడుతుంటారు.

దరఖాస్తు అంతా ఆన్‌లైనే. ఉన్నత విద్యామండలి తరఫున ఏదో ఒక విశ్వవిద్యాలయం పరీక్ష నిర్వహిస్తుంది. ఇటీవలి నోటిఫికేషన్లలో ఫీజు ఓసీలకు 650, బీసీలకు 500, ఎస్సీ ఎస్టీలకు 450 రూపాయలు. నెట్ సెంటర్ వాళ్లు తమ కష్టానికి వేరే తీసుకుంటారు, అందులో తప్పు లేదు. కానీ ఫీజు కట్టిన రసీదు, పూర్తి చేసిన ఫారం ప్రింటు మీ చేతికి ఇవ్వకుండా పంపిస్తే ఊరుకోకండి. ఫోన్ నంబరు కూడా మీదే ఇవ్వండి, సెంటర్ వాళ్లది కాదు. ఎందుకో కింద చెప్తాను.

పరీక్ష 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండు గంటలు, కంప్యూటర్ మీద. ఇంగ్లీషు 25, జీకే 15, బోధనా సామర్థ్యం 10, మిగతా 100 మీరు ఎంచుకున్న మెథడాలజీ, అంటే రేపు మీరు బోధించబోయే సబ్జెక్టు. ఫిజికల్ సైన్స్ తీసుకుంటే ఫిజిక్స్ 50, కెమిస్ట్రీ 50. బయలాజికల్ సైన్స్ అయితే బోటనీ 50, జువాలజీ 50. అర్హత మార్కులు 25 శాతం, ఎస్సీ ఎస్టీలకు ఆ నిబంధన కూడా లేదు. కాబట్టి అర్హత గురించి టెన్షన్ పడక్కర్లేదు, ఏ కాలేజీ వస్తుందన్నదే ర్యాంకు తేలుస్తుంది.

మెథడాలజీ దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగండి. ఎంపీసీ గ్రూపుతో బీఎస్సీ చేసినవాళ్లకు లెక్కలు, ఫిజికల్ సైన్స్ రెండు దారులూ ఉంటాయి. పరీక్ష తేలిగ్గా ఉంటుందనో, స్నేహితురాలు అదే పెట్టిందనో ఎంచుకోవద్దు. రేపు డీఎస్సీలో ఏ పోస్టుకు అర్హులో చూసేది రెండు చోట్ల: బీఈడీలో ఏ మెథడాలజీ, డిగ్రీలో ఏ సబ్జెక్టులు. ఇప్పటిదాకా వచ్చిన డీఎస్సీ నోటిఫికేషన్లు ఫిజికల్ సైన్స్ పోస్టుకు డిగ్రీలో ఆ విభాగానికి చెందిన రెండు సబ్జెక్టులు అడుగుతూ వచ్చాయి. 2023-24లో మన రాష్ట్రంలో డిగ్రీ సింగిల్ మేజర్ పద్ధతికి, అంటే ఒక్క ప్రధాన సబ్జెక్టు, పక్కన ఒక మైనర్ ఉండే పద్ధతికి మారింది. ఆ పద్ధతిలో చదువుతున్నవాళ్లు తమ మైనర్ సబ్జెక్టు ఏమిటో చూసుకుని, ఆ ఏడాది నోటిఫికేషన్‌లోని అర్హతల పట్టికతో పోల్చుకున్నాకే మెథడాలజీ పెట్టండి. ఫిజిక్స్ మేజర్ పక్కన ఏ కంప్యూటర్సో మైనరుగా ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

ఇక అసలు చిక్కు.

కౌన్సెలింగ్‌లో తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. పదో తరగతి మార్కుల మెమో ఉంది కదా, ఇంటర్ మెమో ఉంది కదా, మళ్లీ ఇవెందుకని అందరూ విసుక్కుంటారు. మెమో మీరు పాసయ్యారని చెప్తుంది. ఎక్కడ కూర్చుని చదివారో వరుసగా చెప్పేది స్టడీ సర్టిఫికెట్. సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకు. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా పాత ఎనిమిది జిల్లాలు ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం, రాయలసీమ, నెల్లూరు శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం. లోకల్ అంటే మీ జిల్లా అనుకోకండి, ఈ ప్రాంతం.

లెక్క ఇలా ఉంటుంది. డిగ్రీ ఆఖరి ఏడాదితో ముగిసే వరుస నాలుగేళ్లు ఒకే ప్రాంతంలో చదివి ఉంటే మీరు అక్కడ లోకల్. అంటే డిగ్రీ మూడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. అది కుదరకపోతే వెనక్కి ఏడేళ్లు చూస్తారు: డిగ్రీ మూడు, ఇంటర్ రెండు, పది, తొమ్మిది. ఆ ఏడేళ్లూ రాష్ట్రంలోనే చదివి ఉంటే, ఎక్కువ ఏళ్లు ఏ ప్రాంతంలో గడిచాయో అక్కడ లోకల్. తొమ్మిదో తరగతి నుంచే ఎందుకు అడుగుతారో ఇప్పుడు అర్థమైందిగా.

టెక్కలి దగ్గర ఊళ్లో పది చదివి, ఇంటర్ విజయవాడ హాస్టల్లో చదివి, డిగ్రీ శ్రీకాకుళంలో చేసిన అమ్మాయి "నేను నాన్ లోకలా అండీ" అని కంగారు పడుతుంది. అక్కర్లేదు, పాత కృష్ణా జిల్లా కూడా మన ప్రాంతమే. అదే ఇంటర్ తిరుపతిలో చదివి ఉంటే నాలుగేళ్ల లెక్క తప్పుతుంది. అప్పుడు ఆమెను కాపాడేది తొమ్మిది, పది స్టడీ సర్టిఫికెట్లే. ఏడేళ్లలో ఐదు ఇక్కడివే కాబట్టి లోకల్ అవుతుంది. ఆ రెండేళ్ల కాగితం లేకపోతే చేతిలో ఉన్న హక్కు పోయినట్టే. అమ్మానాన్నలు పనికోసం హైదరాబాద్ వెళ్లినప్పుడు అక్కడ తొమ్మిది, పది చదివి, ఇంటర్ నుంచి ఇక్కడే ఉన్నవాళ్లకు నాలుగేళ్ల లెక్కే సరిపోతుంది, దిగులు వద్దు. కానీ ఇంటర్ కూడా అక్కడే అయితే మాత్రం ఇబ్బందే.

అన్నింటికంటే పెద్ద ఇబ్బంది సరిహద్దు ఊళ్లది. ఇచ్ఛాపురం, కవిటి వాళ్లకు ఒడిశాలోని బరంపురం దగ్గర. పాతపట్నం వాళ్లకు పర్లాకిమిడి పక్కనే. పార్వతీపురం వైపు వాళ్లకు రాయగడ. బస్సెక్కితే కాలేజీ, సాయంత్రానికి ఇల్లు. డిగ్రీ అక్కడ చేసినవాళ్లు పుట్టి పెరిగింది ఇక్కడే అయినా పై రెండు లెక్కల్లోనూ పట్టరు, ఎందుకంటే చదువు రాష్ట్రం బయట జరిగింది. రేషన్ కార్డు, ఓటరు కార్డు చూపిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు. వీళ్లకు మిగిలేది 15 శాతం ఓపెన్ సీట్లు. వాటికి పోటీ పడాలన్నా తల్లి గానీ తండ్రి గానీ రాష్ట్రంలో పదేళ్లు నివాసం ఉన్నట్టు తహసీల్దారు ధ్రువపత్రం కావాలి. ఆ సీట్లకు లోకల్ వాళ్లూ పోటీ పడతారు, అందుకని వీళ్లకు ర్యాంకు మరింత మెరుగ్గా రావాలి. అన్యాయంగా అనిపిస్తుంది. అయినా నిబంధన అది. తెలియక చివరి రోజున ఏడవడం కంటే ముందే తెలుసుకుని చదువుకోవడం నయం.

మధ్యలో చదువు ఆగినవాళ్లు, దూరవిద్యలో డిగ్రీ చేసినవాళ్లు స్టడీ సర్టిఫికెట్ తేలేరు. ఆ ఏళ్లకు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం పెట్టాలి. దూరవిద్య అయితే డిగ్రీ ఆఖరి పరీక్షకు ముందు ఏడేళ్ల నివాసం చూపించాలి. సచివాలయంలో దరఖాస్తు చేస్తే వీఆర్వో విచారణ తర్వాత వస్తుంది. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంటుంది. మామూలు నివాస ధ్రువపత్రంలో "ఈ చిరునామాలో ఉంటున్నారు" అని మాత్రమే ఉంటుంది. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు అన్నది లేకపోతే కౌన్సెలింగ్‌లో అది పనికిరాదు. దరఖాస్తు రాసేటప్పుడే "బీఈడీ ప్రవేశం కోసం, ఫలానా ఏడు నుంచి ఫలానా ఏడు వరకు" అని స్పష్టంగా అడగండి.

స్టడీ సర్టిఫికెట్ కూడా అంతే. తరగతి, విద్యా సంవత్సరం, అడ్మిషన్ నంబరు, బడి ఉన్న ఊరు, మండలం, జిల్లా, హెచ్‌ఎం సంతకం, సీలు అన్నీ ఉండాలి. ఒకే బడిలో ఆరు నుంచి పది చదివి ఉంటే ఒక్క సర్టిఫికెట్ చాలు. ఏప్రిల్ చివర బడులకు తాళం పడితే జూన్ రెండో వారం దాకా హెచ్‌ఎం దొరకడం కష్టం, సెలవులకు ముందే వెళ్లండి. చదివిన ప్రైవేటు స్కూలు మూతపడితే కంగారు పడకండి. ఆ మండలం ఎంఈవో కార్యాలయంలో రికార్డుల గురించి అడగండి, అక్కడ తేలకపోతే జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయానికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, నకలు మీద ముద్ర వేయించుకోండి.

ఎలాగూ బడికి వెళ్తున్నారు కదా, నాలుగు నుంచి పది దాకా అన్ని తరగతులవీ ఒకేసారి తీసుకోండి. రేపు డీఎస్సీలో మీది ఏ జిల్లా అన్నది ఆ ఏడు తరగతుల మీదే తేలుస్తారు. దొంగ స్టడీ సర్టిఫికెట్ ఎందుకు ప్రమాదమో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఇప్పుడు బ్రోకరు ఇచ్చిన కాగితంలో ఒక ఊరు, రేపు డీఎస్సీకి పెట్టేదాంట్లో ఇంకో ఊరు ఉంటే ఉద్యోగం దాకా వచ్చి పోతుంది, పైగా కేసు. బ్రోకరు అప్పటికి ఫోన్ ఎత్తడు.

రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస వాళ్లకు, పాలకొండ వైపు వాళ్లకు ఇంకో అనుమానం ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. బడి కాగితాల్లో శ్రీకాకుళం జిల్లా, ఆధార్‌లో విజయనగరం అనో పార్వతీపురం మన్యం అనో ఉంటుంది. బీఈడీ లోకల్ లెక్కకు దీనితో ఏ ఇబ్బందీ లేదు, అన్నీ ఒకే ప్రాంతం. "జిల్లా మారింది, అన్నీ మార్పించాలి, ఖర్చవుతుంది" అని ఎవరైనా అంటే నవ్వి వచ్చేయండి. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో పేరు, ఇంటిపేరు వేరుగా ఉంటే మాత్రం ముందే సరిచేయించుకోండి. ఆధారంగా చూసేది పదో తరగతి మెమోనే కాబట్టి ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్చుకోవడమే తేలిక.

ధ్రువపత్రాలు చూశాక వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీలు కావాలో ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టడం. ఫోన్ నంబరు మీదే ఇవ్వమన్నది ఇందుకే. ఓటీపీ, పాస్‌వర్డ్ చేతిలో పడితే మధ్యవర్తి తనకు కమీషన్ ఇచ్చే కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టేస్తాడు. సీటు అక్కడే పడుతుంది, మీకేమో "మీ ర్యాంకుకు ఇదే ఎక్కువ" అని చెప్తాడు. కాలేజీకి టీచర్ కోర్సులకు అనుమతిచ్చే జాతీయ సంస్థ ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందో లేదో ఆ సంస్థ వెబ్‌సైటులో చూసుకోండి. శ్రీకాకుళం జిల్లా కాలేజీలకు ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం అనుబంధం ఉంటుంది, అక్కడా అడిగి తెలుసుకోవచ్చు. ఆప్షన్లు సేవ్ చేశాక ప్రింటు తీసి దాచుకోండి.

"కాలేజీకి రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు" అనే మాట వినిపిస్తే జాగ్రత్త. రెండేళ్లలో 20 వారాలు బడుల్లో ఇంటర్న్‌షిప్ ఉంటుంది, పాఠ్యప్రణాళికలు రాసి పిల్లల ముందు నిలబడి చెప్పాలి. అది చేయనివాళ్లు డీఎస్సీలో పెడగాజీ, అంటే బోధనా పద్ధతుల ప్రశ్నల దగ్గర తడబడతారు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు 75 శాతం హాజరు కావాలి. మేనేజ్‌మెంట్ సీటుకు, స్పాట్ అడ్మిషన్‌కు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. ఈ సంగతి చేరాక గానీ చెప్పరు. కౌన్సెలింగ్‌లో కన్వీనర్ సీటు వచ్చినవాళ్లు ఆ ఏడాది తీసుకున్న ఆదాయ ధ్రువపత్రం సిద్ధంగా ఉంచుకోండి.

కాలేజీలో రిపోర్టు చేసేటప్పుడు టీసీ తీసుకుంటారు. మిగతా ఒరిజినల్స్ చూసి తిరిగి ఇచ్చేయాలి. "కోర్సు అయ్యేదాకా మా దగ్గరే ఉంటాయి" అంటే ఒప్పుకోవద్దు, ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఇచ్చిన ప్రతి కాగితానికీ, కట్టిన ప్రతి రూపాయికీ కాలేజీ ముద్రతో రసీదు తీసుకున్నాకే అక్కడి నుంచి కదలండి.