ఏలీయా మరణించాడా? యూదుల మూలగ్రంథాల్లో ఈ ప్రశ్నను చదివే పద్ధతి

"ఏలీయా చనిపోలేదని యూదులు నమ్ముతారు" అని ఒక్క వాక్యంలో తేల్చేయడం మామూలైపోయింది. బైబిలు ప్రకారం సుడిగాలిలో ఆకాశానికి వెళ్ళిన ప్రవక్త ఈ ఏలీయా. ఆ మాట తప్పు కాదు గానీ, దాని కింద ఉన్న చర్చంతా అందులో మాయమైపోతుంది. యూదుల ధర్మచర్చల సంకలనమైన తాల్ముద్ పండితులు ఏలీయా చావు మీద విడిగా పంచాయితీ పెట్టలేదు. ఒకచోట పండుగకు కట్టే పర్ణశాల ఎత్తు తేలుస్తూ, ఇంకోచోట దుఃఖంలో చింపుకున్న బట్ట మళ్ళీ కుట్టుకోవచ్చా అని అడుగుతూ, వేరొకచోట రాజుల ఏళ్ళు లెక్కగడుతూ మధ్యలో అతని పేరు ఎత్తారు. అందుకే ప్రతి మూలం దగ్గరా "ఇక్కడ ఏం చెప్పారు" అని రాసుకునే ముందు "ఇక్కడ అడిగిందేమిటి" అని రాసుకోవాలి. ఈ అలవాటు లేకపోతే ఎన్ని గ్రంథాలు తిరగేసినా అవి ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటున్నట్టే కనిపిస్తాయి.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

తెలుగు బైబిలు ఒక్కటే చాలదు. హీబ్రూ పాఠం పక్కన అనువాదం ఉన్న ప్రతి కావాలి. హీబ్రూ చదవడం రాకపోయినా, ఒకే ధాతువు రెండు చోట్ల ఉందో లేదో చూడగలిగితే చాలు. తాల్ముద్, మిద్రాష్ (లేఖనాలకు పాత రబ్బీల వివరణలు), పాత వ్యాఖ్యానాలు చాలావరకు సెఫారియా వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి.

తాల్ముద్‌ను పేజీలతో కాదు, ఆకులతో చెబుతారు. "సుక్కా 5, మొదటి పుట" అంటే సుక్కా అనే భాగంలో 5వ ఆకు ముందువైపు. పేజీ నడుమ మూలపాఠం, కుట్టు వైపు రాషి వ్యాఖ్య, అంచు వైపు తోసాఫోత్ అనే తర్వాతి పండితుల వ్యాఖ్యలు ఉంటాయి. ఏ మాట మూలంలోది, ఏది 11వ శతాబ్దపు రాషిది అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. ఈ విషయంలో జరిగే పొరపాట్లలో చాలా వాటికి ఈ కలగాపులగమే కారణం.

నోటుపుస్తకంలో అయిదు గడులు గీయండి: మూలం, కాలం, అక్కడ అడిగిన ప్రశ్న, ఆధారంగా తెచ్చిన వచనం, చివరగా అది జవాబిచ్చిన అంశం. ఈ చివరి గడిలో మూడింటిలో ఒకటే రాయాలి. ఒకటి, అతను ఎక్కడికి వెళ్ళాడు? రెండు, ఒంటికి ఏమైంది? మూడు, ఇప్పుడు బతికి ఉన్నాడా? ఒక మూలం మొదటి ప్రశ్నకు జవాబిస్తే, దాన్ని లాక్కొచ్చి మూడో ప్రశ్నకు అంటించకూడదు.

వచనాన్ని ముక్కలు చేసి చదవడం

2 రాజులు 2వ అధ్యాయం 1 నుంచి 18 దాకా రెండుసార్లు చదవండి. రెండోసారి 11వ వచనం దగ్గర ఆగండి. అగ్ని రథం, అగ్ని గుర్రాలు వచ్చి ఏలీయాను, అతని శిష్యుడు ఎలీషాను విడదీశాయి. ఏలీయా పైకి వెళ్ళింది మాత్రం సుడిగాలిలో. రథమెక్కి వెళ్ళాడని ఈ వచనంలో లేదు. రథం, గాలి రెండూ కలిసిపోయిన వర్ణన సుమారు క్రీ.పూ. 180 నాటి బెన్ సీరా గ్రంథంలో, 48వ అధ్యాయంలో కనిపిస్తుంది. కాబట్టి రథాన్ని రాజుల గ్రంథం గడిలో రాయొద్దు.

ఇక "ఆకాశమునకు" అన్న మాట. గ్రీకు సెప్తువజింత అనువాదకులు ఇక్కడ "ఆకాశానికి అన్నట్టుగా" అనే అర్థం వచ్చేలా ఒక చిన్న మాట చేర్చారు. అరామిక్ అనువాదమైన తర్గూమ్ "ఆకాశం దిక్కుగా" అని తిప్పింది. మనిషి ఒంటితో పరలోకంలో అడుగుపెట్టాడని సూటిగా రాయడానికి ఇద్దరూ జంకారు. చర్చ మొదలైంది ఈ జంకు దగ్గరే.

మూడోది, 3, 5 వచనాల్లో ప్రవక్తల శిష్యులు వాడిన "తీసుకోవడం" అనే క్రియ, హీబ్రూలో లాకాహ్. ఆదికాండము 5:24లో హనోకును దేవుడు "తీసికొనిపోయెను" అన్నచోట ఉన్నది కూడా ఇదే ధాతువు.

పర్ణశాల కొలతలో ఏలీయా

ఎక్కువమంది తప్పు చదివేది సుక్కా 5వ ఆకు మొదటి పుటనే. అక్కడ అడిగిన ప్రశ్న: పర్ణశాల కనీసం పది బెత్తెల ఎత్తు ఉండాలన్న నియమం ఎక్కడినుంచి వచ్చింది? ఒక బెత్తె సుమారు 8 నుంచి 9.6 సెంటీమీటర్లు, అంటే మొత్తం 80 నుంచి 96 సెంటీమీటర్లు. మందసం అనే పవిత్ర పెట్టె తొమ్మిది బెత్తెలు, దాని మూత ఒక బెత్తె, దేవుడు ఆ మూత పైనుంచి మాట్లాడాడు. కాబట్టి పది బెత్తెలు దాటితే అది వేరే ఆవరణ అన్నది వాదన. దానికి ఊతంగా రబ్బీ యోసే మాట తెస్తారు: దైవసన్నిధి ఎన్నడూ కిందికి దిగలేదు, మోషే, ఏలీయా ఎన్నడూ పైకి ఎక్కలేదు. ఎందుకంటే ఆకాశాలు యెహోవావి, భూమిని నరులకు ఇచ్చాడని 115వ కీర్తన 16వ వచనం చెబుతోంది. మరి ఏలీయా సుడిగాలిలో ఆకాశానికి వెళ్ళాడని ఉంది కదా అని తాల్ముదే అడుగుతుంది. "పదికి దిగువనే" అన్నది జవాబు. ఆ పది బెత్తెలు నేల నుంచి కొలిచారా, ఆకాశం అంచు నుంచా అన్నది ఆ మాటలో లేదు. తర్వాతివాళ్ళు రెండు విధాలా చదివారు.

దీన్ని పట్టుకుని "ఏలీయా చనిపోయాడని రబ్బీ యోసే అభిప్రాయం" అని రాస్తే గడి తప్పినట్టే. ఆయన మాట్లాడింది మొదటి ప్రశ్న గురించి, మూడోదాని గురించి కాదు. దీనికి గట్టి రుజువు కూడా ఉంది. సేదెర్ ఓలామ్ అనే కాలక్రమ గ్రంథం రబ్బీ యోసేదేనని తాల్ముద్ సంప్రదాయం. దాని 17వ అధ్యాయం ఏమంటుంది? అహజ్యా రాజు రెండో ఏట ఏలీయా "దాచబడ్డాడు", ఇప్పుడు అన్ని తరాల పనులనూ రాస్తున్నాడు అంటుంది. ఆకాశంలోకి పోలేదు, చావనూ లేదు, దాగి ఉన్నాడు. "పోతే పైకి పోవాలి, లేదా చావాలి" అని రెండే దారులు ఊహించుకున్నవాళ్ళకు ఈ మూడో దారి కనిపించదు.

చింపిన బట్ట, రాసిన ఉత్తరం

మోయేద్ కాతాన్ అనే తాల్ముద్ భాగం 26వ ఆకు మొదటి పుటలో ప్రశ్న వేరు. తండ్రి, తల్లి, గురువు పోయినప్పుడు చింపుకున్న వస్త్రాన్ని మళ్ళీ సరిగ్గా కుట్టుకోకూడదనే నియమానికి ఎలీషానే ఆధారం. అతను తన బట్టను రెండు తునకలు చేశాడు. అక్కడ రేష్ లాకీష్ అనే పండితుడు అడ్డుపడతాడు: ఏలీయా బతికే ఉన్నాడు కదా, ఇక దుఃఖనియమం ఎలా వస్తుంది? రబ్బీ యోహానాన్ జవాబు: "అతని నింక చూడలేదు" అని రాసి ఉంది కాబట్టి, ఎలీషా వరకు అతను చనిపోయినవాడి లెక్కే. జవాబులో చివరి ముక్క మాత్రం కత్తిరించి "ఏలీయా చనిపోయినవాడి లెక్కే" అని ఉటంకిస్తే అర్థం తలకిందులవుతుంది. ఇద్దరూ అతను బతికే ఉన్నాడన్న చోట నిలబడే వాదించుకుంటున్నారు.

ఉత్తరం సంగతి 2 దినవృత్తాంతములు 21:12లో ఉంది. యూదా రాజు యెహోరాముకు ఏలీయా దగ్గరనుంచి ఒక పత్రం వస్తుంది. చిక్కు ఎక్కడంటే, యెహోరాము తండ్రి యెహోషాపాతు కాలంలోనే, 2 రాజులు 3:11లో, ఎలీషాను "ఏలీయా చేతుల మీద నీళ్ళు పోసినవాడు" అని గతంలో పెట్టి చెబుతారు. అంటే పత్రం వచ్చేనాటికి అతను వెళ్ళిపోయాడు. ఆరోహణం తర్వాతే పత్రం వచ్చిందని రాషి పేరుతో ఉన్న వ్యాఖ్య ఒప్పుకుంటుంది. రదాక్ అని పిలిచే దావీదు కిమ్హీ (సుమారు 1160–1235), ఏలీయా ఒక ప్రవక్తకు ప్రత్యక్షమై ఆ మాటలు రాయించాడని సర్దుతాడు. ఈ వరుసను మూడో ప్రశ్న కింద రాయండి, కానీ పక్కన "కాలక్రమం సర్దుబాటు" అని గుర్తు పెట్టండి.

ఒంటికి ఏమైంది?

రెండో ప్రశ్నకు సూటి జవాబు ఇచ్చినవాళ్ళు తక్కువ. వాళ్ళలో రదాక్ అందరికన్నా ధైర్యస్థుడు. 2 రాజులు 2:1 మీద తన వ్యాఖ్యలో గాలి అతన్ని అగ్నిమండలం దాకా ఎత్తిందనీ, పైవస్త్రం తప్ప బట్టలు కాలిపోయాయనీ, మాంసం, ఎముకలు దహించుకుపోయి ఆత్మ దేవుడి దగ్గరకు చేరిందనీ రాశాడు. ఆ వెంటనే, మన జనసామాన్యమూ మన జ్ఞానులూ మరోలా అనుకుంటారు, పాపం చేయకముందు ఆదాములాగా అతన్ని ఒంటితోనే ఏదెను తోటలో పెట్టాడని వారి అభిప్రాయం అని నిజాయితీగా చేర్చాడు. మరి తిరిగి వచ్చేదెలా? ఏలీయాను మళ్ళీ పంపుతానన్న మలాకీ వచనం మీది వ్యాఖ్యలో, మొదటి ఒంటిలాంటి కొత్త ఒంట్లోకి ఆత్మను పంపుతాడు అంటాడు. ఈ వచనం హీబ్రూలో మలాకీ 3:23, తెలుగు బైబిల్లో 4:5. అంకెల తేడా తెలియక వెతికి వెతికి వదిలేసేవాళ్ళున్నారు.

15వ శతాబ్దంలో ఆస్ట్రియాకు చెందిన రబ్బీ ఇస్రాయేల్ ఇస్సెర్లైన్ "తెరూమత్ హదెషెన్" అనే ధర్మసందేహాల జవాబుల గ్రంథం రెండో భాగం 102వ అంశంలో విచిత్రమైన కోణం ఉంది: ఏలీయా భార్య మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చా? ఏలీయాకు భార్య ఉన్నట్టు బైబిల్లో లేదు, ప్రశ్న కేవలం ఊహ. చేసుకోవచ్చన్నది జవాబు. నిషేధం ఉన్నది పొరుగువాని భార్య విషయంలో, అతనిప్పుడు పొరుగువాడు కాదు, ఒళ్ళు లేని దూత. చావులేకుండానే వివాహబంధం తెగిపోయిందన్నమాట. రెండో ప్రశ్నకు ఇచ్చిన జవాబు ఎంత దూరం పోతుందో చూడటానికి దీన్ని మించిన ఉదాహరణ లేదు. హతామ్ సోఫెర్ అనే రబ్బీ (1762–1839) ఇంకో దారి పట్టాడు: ఆత్మ పైకి వెళ్ళింది, శుద్ధమైన ఒళ్ళు దిగువ ఏదెనులో ఉంది.

ఫీనెహాసు ముడి

కొన్ని మిద్రాషులు, తర్గూములు ఏలీయా, మోషే కాలపు యాజకుడు ఫీనెహాసు ఒక్కరే అంటాయి. బావా మెసియా 114వ ఆకు రెండో పుటలో రబ్బా బర్ అవూహా శ్మశానంలో నిలబడ్డ ఏలీయాను చూసి "తమరు యాజకులు కదా, ఇక్కడెందుకున్నారు?" అని అడుగుతాడు. యాజకుడంటే ఫీనెహాసేనని రాషి వివరణ. యెహోషువ గ్రంథం హీబ్రూ పాఠంలో అతని తండ్రి ఎలియాజరు మరణం ఉంది, ఫీనెహాసు మరణం లేదు. గ్రీకులో మాత్రం అతనూ చనిపోయి పాతిపెట్టబడ్డాడు.

ఇక్కడ జాగ్రత్త. బావా బత్రా 121వ ఆకు రెండో పుటలో ఏడుగురి గొలుసు ఒకటుంది: ఆదామును మెతూషెల చూశాడు, అతన్ని షేము, అతన్ని యాకోబు, అతన్ని అమ్రాము, అతన్ని షిలోనీయుడైన అహీయా, అతన్ని ఏలీయా చూశాడు, "ఇంకా ఉన్నాడు". ఏలీయా ఫీనెహాసే అయితే అతను అమ్రాము మునిమనవడు, అమ్రామునే చూసి ఉండవచ్చు, నడుమ అహీయా అక్కర్లేదు. అంటే ఈ గొలుసు ఆ గుర్తింపును ఒప్పుకోదు. రెండూ వేరు వేరు వరుసల్లో ఉండాలి, ఒక కథగా అతికించకూడదు.

ఇతరులకు ఇదే కొలత

హనోకు మీద ఆదికాండ రబ్బా 25:1 చదవండి. కైసరయ వాసి రబ్బీ అబ్బాహును భిన్నమతస్థులు అడుగుతారు: ఏలీయాకు "తీసుకోవడం" అని ఉంది, హనోకుకూ అదే ఉంది, మరి అతనికి చావెక్కడ? ఆయన యెహెజ్కేలు 24:16 చూపిస్తాడు. ప్రవక్త భార్యను దేవుడు "తీసుకోవడం" అంటే అక్కడ చావే. తెలుగులో ఒకచోట "తీసికొనిపోవు", ఇంకోచోట "తీసివేయు" అని ఉండటంతో ఈ దెబ్బ తెలియదు, హీబ్రూలోనే తెలుస్తుంది. ఆయన హనోకు గురించి గెలిచాడు గానీ ఏలీయా చనిపోయాడని అనలేదు. ఇక ఆదికాండము 5:24 మీద తర్గూమ్ ఓంకెలోస్ ప్రతుల్లో "చంపాడు" అని కొన్ని, "చంపలేదు" అని కొన్ని ఉన్నాయి. ఒక్క ముద్రణ చూసి ఉటంకించొద్దు.

మోషే మరణం ద్వితీయోపదేశకాండము 34:5లో స్పష్టంగా ఉంది. అయినా సోతా 13వ ఆకు రెండో పుటలో అతను చనిపోలేదన్న వాదం వినిపిస్తుంది. "అక్కడ" అనే మాట నిర్గమకాండము 34:28లోనూ ఉంది, అక్కడ నిలబడి సేవ చేసినట్టే ఇక్కడా అని. ఇది పదాన్ని పదంతో జోడించే పద్ధతి, సాక్ష్యం చెప్పే పద్ధతి కాదు. గడిలో అలాగే రాయండి. బావా బత్రా 17వ ఆకు మొదటి పుటలో మృత్యుదూత అధికారం చెల్లని ఆరుగురి పట్టిక ఉంది, అందులో మోషే ఉన్నాడు. అధికారం చెల్లలేదంటే చావలేదని కాదు, వాళ్ళు దేవుని ముద్దుతో పోయారని.

యాకోబు దగ్గర ఈ పద్ధతికి అసలైన పరీక్ష ఎదురవుతుంది. తఆనిత్ 5వ ఆకు రెండో పుటలో రబ్బీ యిత్సహాక్ తన గురువు మాట చెబుతాడు: "మన తండ్రి యాకోబు చనిపోలేదు." రవ్ నహ్మాన్ ఊరుకోడు. మరి ఏడ్చినవాళ్ళు, సుగంధద్రవ్యాలు పూసినవాళ్ళు, పాతిపెట్టినవాళ్ళు ఉత్తినే చేశారా అని నిలదీస్తాడు. "నేను లేఖనాన్ని వ్యాఖ్యానిస్తున్నాను" అని రబ్బీ యిత్సహాక్ యిర్మీయా 30:10 ముందు పెడతాడు. సంతానం బతికున్నట్టే తండ్రీ బతికున్నాడు అన్నది దాని సారం. ఆ గురువు ఎవరో చూడండి: రబ్బీ యోహానాన్. పాతిపెట్టిన యాకోబును చావలేదన్నదీ, బతికున్న ఏలీయాను ఎలీషా వరకు చనిపోయినవాడి లెక్క అన్నదీ ఒకే మనిషి. ఈ రెండు వరుసలనూ పుస్తకంలో పక్కపక్కనే రాసి, మూడో గడి, అంటే అక్కడ అడిగిన ప్రశ్న, రెండింటిలోనూ నింపి చూడండి.