ట్రాక్టరు ట్రాలీ టైర్లకు నైట్రోజన్ కొట్టించాలా?

కోతల కాలం దగ్గరపడి, నెలల తరబడి కదలకుండా ఉన్న ట్రాలీని బయటకు తీసేటప్పుడు, కారుకు కొట్టించినట్టే దీనికీ నైట్రోజన్ కొట్టిస్తే మంచిదా అన్న సందేహం చాలామందికి వస్తుంది. నైట్రోజన్ ఉన్న టైరు వేడెక్కదని, గాలి దిగదని, పేలదని టైర్ల దుకాణాల్లో చెబుతుంటారు. ఈ మాటల్లో కొంత నిజం లేకపోలేదు. అయితే వడ్లు, పత్తి, చెరకు, ఇసుక మోసే ట్రాలీ విషయంలో ఆ నిజం వల్ల కలిగే లాభం చాలా తక్కువ. అందుకే ట్రాలీకి డబ్బు ఇచ్చి నైట్రోజన్ కొట్టించనక్కర లేదని, ఆ డబ్బుతో టైరు ఒత్తిడి కొలిచే ఒక మంచి గేజీ కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం.

మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్ ఉంటాయి. దుకాణంలోని యంత్రం అదే గాలిని లోపలికి తీసుకుని, తేమనూ ఆక్సిజన్‌లో ఎక్కువ భాగాన్నీ వేరుచేసి మిగిలినదాన్ని టైరులోకి పంపుతుంది. రబ్బరు గుండా నైట్రోజన్ కంటే ఆక్సిజన్ త్వరగా బయటకు పోతుంది కనుక, నైట్రోజన్ నింపిన టైరులో ఒత్తిడి కొంచెం నెమ్మదిగా తగ్గుతుందన్నది వాస్తవం. అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2007లో ప్రచురించిన పరీక్షలో 31 రకాల కారు టైర్లను జతలుగా తీసుకుని, 30 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) వరకు నింపి ఏడాదిపాటు అలాగే ఉంచారు. మామూలు గాలి నింపినవి సగటున 3.5 పీఎస్ఐ, నైట్రోజన్ నింపినవి 2.2 పీఎస్ఐ కోల్పోయాయి. అంటే ఏడాది మొత్తానికి తేడా 1.3 పీఎస్ఐ మాత్రమే. తుమ్మముళ్ళ మీద, పత్తి మోళ్ళ మీద తిరిగే ట్రాలీకి వాల్వు పిన్ను సరిగా పట్టకపోయినా, ట్యూబులో సన్నని ముల్లు దిగినా ఒక్క రాత్రిలోనే అంతకంటే ఎక్కువ దిగిపోతుంది.

ఇక వేడి సంగతి. వేడెక్కితే ఏ వాయువు ఒత్తిడైనా పెరుగుతుంది, నైట్రోజన్ అందుకు మినహాయింపు కాదు. ఉదాహరణకు ఉదయం 25 డిగ్రీల దగ్గర 70 పీఎస్ఐ ఉన్న టైరు, బరువుతో నడిచి లోపలి గాలి 60 డిగ్రీలకు చేరితే 80 పీఎస్ఐ చూపిస్తుంది. నైట్రోజన్ ఉన్నా, పొడి గాలి ఉన్నా లెక్క ఇదే. తేడా తెచ్చేది తేమ. పంక్చరు షాపులోని కంప్రెసరు ట్యాంకులో, ముఖ్యంగా వానాకాలంలో, నీరు చేరుతుంది. అది గాలితోపాటు టైరులోకి వెళ్తే వేడికి ఆవిరై ఒత్తిడిని మరికొంత పెంచుతుంది, ట్యూబులెస్ టైరైతే రిమ్ముకు తుప్పు కూడా పట్టిస్తుంది. దీనికి నైట్రోజనే మందు కాదు. ట్యాంకు అడుగున ఉన్న ట్యాపు తిప్పి నీరు వదిలేయమని అడగండి. ఆ తరువాత పైపును టైరుకు తగిలించే ముందు కాసేపు గాలిని బయటకు వదిలించి, తుంపర రావడం లేదని చూసుకోండి. దమ్ము చేసేటప్పుడు పట్టు కోసం ట్రాక్టరు వెనుక టైర్లలో నీళ్ళు నింపేవారు ఆ టైర్లకు నైట్రోజన్ గురించి ఆలోచించనే అక్కర లేదు.

పేలదన్న మాట విమానాల నుంచి వచ్చింది. 1986 మార్చి 31న మెక్సికోలో ఒక బోయింగ్ 727 కూలి 167 మంది మరణించారు. బ్రేకు విపరీతంగా వేడెక్కడంతో, మామూలు గాలి నింపిన టైరు పేలిపోవడమే అందుకు దారితీసింది. ఆ తరువాత పెద్ద విమానాల టైర్లలో ఆక్సిజన్ 5 శాతానికి మించకూడదని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ నిబంధన పెట్టింది. మన ట్రాలీల్లో చాలావాటికి అసలు బ్రేకులే ఉండవు, వేగమూ తక్కువే. ట్రాలీ టైరు పగిలేది మోయగలిగినదానికి మించి నింపడం వల్ల, గాలి తక్కువగా ఉన్నప్పుడు పక్కగోడ పదేపదే నలిగి లోపలి దారాలు తెగడం వల్ల, లేదా టైరు పాతబడి రబ్బరు పగుళ్ళివ్వడం వల్ల. వీటిలో దేన్నీ నైట్రోజన్ ఆపలేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. ఒకసారి నైట్రోజన్ కొట్టించినవారు మామూలు గాలి కలిపితే పాడైపోతుందనుకుని, టైరు కొంచెం దిగినా పట్నం వెళ్ళినప్పుడు చూద్దాంలే అని అలాగే లోడు వేస్తుంటారు. ఇది నిజంగా ప్రమాదకరం. నైట్రోజన్‌తో 70 పీఎస్ఐకి నింపిన టైరులో సుమారు 4 శాతం ఆక్సిజన్ ఉంటుందనుకుందాం. అందులో 5 పీఎస్ఐ తగ్గినప్పుడు మామూలు గాలితో సరిచేస్తే ఆక్సిజన్ 5 శాతానికి చేరుతుంది, అంతే. రెండూ కలిస్తే టైరుకు ఏ హానీ జరగదు. కనుక వాల్వుకు నైట్రోజన్ గుర్తుగా పెట్టే పచ్చ మూత ఉన్నా సరే, గాలి దిగిందని తెలిసిన వెంటనే దగ్గరలో ఏది దొరికితే అది కొట్టించండి.

ఒత్తిడిని ఉదయమే, ట్రాలీ ఖాళీగా ఉండి టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. కాలితో తన్ని చూస్తే ఏమీ తెలియదు, ఎందుకంటే 9.00-16 వంటి సైజులో ఎక్కువ ప్లై రేటింగు (టైరు ఎంత బరువు మోయగలదో తెలిపే పొరల అంకె) గల టైరు సగం గాలితో కూడా గట్టిగానే తగులుతుంది. పక్కగోడ మీద గరిష్ఠ బరువు, దానికి తగిన ఒత్తిడి ముద్రించి ఉంటే ఆ అంకె ప్రకారం, చెరిగిపోయి ఉంటే అదే సైజు, అదే ప్లై రేటింగుకు కంపెనీ ఇచ్చే పట్టిక ప్రకారం నింపండి. ఒకే ఇరుసు మీద ఉన్న టైర్లు రెండింటిలో ఒత్తిడి సమానంగా ఉండాలి. లోడుతో వచ్చి వేడిగా ఉన్న టైరులో ఎక్కువ చూపించిందని గాలి తీయకండి. చల్లారాక అది తక్కువైపోతుంది. వాల్వు మీద కొంచెం ఉమ్మి రాసి బుడగలు వస్తున్నాయేమో చూడటం మన పంక్చరు షాపుల్లో పాత పద్ధతి, ఇప్పటికీ అంతకంటే సులభమైనది లేదు. చూశాక మూత తప్పక బిగించండి.

ఉచితంగానో నామమాత్రపు ధరకో నైట్రోజన్ దొరికితే కొట్టించుకోవచ్చు. అప్పుడు పాత గాలిని పూర్తిగా తీయించి నింపాలి, సగం గాలి మీద కొట్టించి పూర్తి ధర ఇవ్వకండి. గాలి తీసేటప్పుడు ట్రాలీ ఖాళీగా ఉండాలి, ఇరుసు కింద జాకీ, చక్రాలకు అడ్డుగా రాళ్ళు ఉండాలి. వెల్డింగు షాపులోని సిలిండరు నుంచి మాత్రం ఏ పరిస్థితిలోనూ టైరు నింపకండి. నైట్రోజన్ సిలిండరైనా నిండుగా ఉన్నప్పుడు దాని ఒత్తిడి 2,000 పీఎస్ఐ ప్రాంతంలో ఉంటుంది. పొరపాటున ఆక్సిజన్ సిలిండరు తగిలిస్తే టైరులో మంటకు, పేలుడుకు అవకాశం ఇచ్చినట్టే.

రేవు పట్నాల నుంచి జాతీయ రహదారుల మీద తిరిగే కంటైనర్ ట్రెయిలర్ల లెక్క కొంత వేరు. వాటి ట్యూబులెస్ రేడియల్ టైర్లకు మళ్ళీ మళ్ళీ రీట్రెడ్ చేయిస్తారు (అరిగిన పైపొర మీద కొత్త రబ్బరు వేయిస్తారు) కనుక, ఆక్సిజన్ తక్కువై లోపలి రబ్బరు నెమ్మదిగా ముదరడం వల్ల పెద్ద యజమానులకు కొంత లాభం ఉండవచ్చు.

ట్రాలీ పని లేక నిలిచి ఉండే నెలల్లో నైట్రోజన్ కంటే నీడ ఎక్కువ మేలు చేస్తుంది. రబ్బరును బయటినుంచి ఎండ తినేస్తుంటుంది, లోపల ఏ గాలి ఉన్నా దాన్ని ఆపలేదు. ఇరుసు కింద మొద్దులు పెట్టి చక్రాలను నేల నుంచి లేపి, టైర్లపై గోనెపట్టాలు కప్పండి. తిరిగి బయటకు తీసే రోజున పక్కగోడ మీద తయారీ తేదీ తెలిపే నాలుగు అంకెలు చూడండి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైనదని అర్థం. ఉండవలసిన ఒత్తిడిలో 80 శాతం లేదా అంతకంటే తక్కువ ఉన్న స్థితిలో లోడుతో నడిచిందని తెలిసిన టైరును, అంటే 70 ఉండవలసిన చోట 56 లేదా అంతకంటే తక్కువతో నడిచినదాన్ని, గాలి కొట్టి వెంటనే వాడకుండా రిమ్ము నుంచి విప్పించి లోపలి వైపు దారాలు తెగాయేమో టైరు మేస్త్రీతో చూపించండి.