మున్నార్ యాత్ర: వరంగల్ కుటుంబాలకు ఎదురయ్యే చిక్కులు, పరిష్కారాలు

వరంగల్, కరీంనగర్ వైపు నుంచి మున్నార్ వెళ్ళిన కుటుంబాలు అక్కడికి దగ్గర్లోని ఎరవికులం జాతీయ ఉద్యానాన్ని చూడకుండానే తిరిగి రావడానికి చాలాసార్లు ఒకటే కారణం ఉంటుంది: ముందు రైలు టికెట్లు తీసుకుని, ఉద్యానం సంగతి ఆ తర్వాత ఆలోచిస్తారు.

సమస్య: గేటు దాకా వెళ్ళాక ప్రవేశం లేదంటారు.

కారణం: నీలగిరి తార్ అనే కొండమేకలు ఈనే కాలం కావడంతో సాధారణంగా ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో సందర్శకులను అనుమతించరు. మన ఇంటర్ పరీక్షలు ముగిసేది కూడా మార్చిలోనే గనుక, చివరి పరీక్ష రాసిన మర్నాడే బయలుదేరే కుటుంబాలు సరిగ్గా ఈ మూత కాలంలోనే అక్కడికి చేరుకుంటాయి. 1978లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన ఈ 97 చదరపు కిలోమీటర్ల కొండ ప్రాంతం ముఖ్యంగా ఆ జంతువు కోసమే ఉన్నది కాబట్టి, ఈ నియమాన్ని గౌరవించడమే న్యాయం.

పరిష్కారం: సంక్రాంతి సెలవుల్లోనో, ఏప్రిల్‌లో గేటు తెరిచిన తర్వాతనో వెళ్ళండి. ముందు అటవీ శాఖ ప్రకటించిన తేదీలు చూసుకుని, ఆ తర్వాతే రైలు రిజర్వేషన్ చేయించుకోండి. అది 60 రోజుల ముందు మొదలవుతుంది. వరంగల్‌లో ఆగే కేరళ ఎక్స్‌ప్రెస్ నేరుగా, మున్నార్ వెళ్ళడానికి దిగాల్సిన ఆలువా స్టేషన్‌కు చేరుస్తుంది.

సమస్య: ఘాట్ రోడ్డు మీద పిల్లలకు వాంతులు.

కారణం: ఆలువా నుంచి మున్నార్‌కు సుమారు 110 కిలోమీటర్లు. దారిలోని నేర్యమంగళం ఊరు దాటాక మలుపులు విడవవు. బండి ఊగుతున్నట్టు లోచెవి చెబుతుంటే ఫోను మీద నిలిచిన కళ్ళు కదలిక లేదంటాయి. ఆ తేడాకే కడుపులో తిప్పుతుంది.

పరిష్కారం: ఫోను తీసుకుని పక్కన పెట్టండి, దూరంగా రోడ్డును చూడమనండి, ఇడ్లీ వంటి తేలిక ఆహారం కొద్దిగా పెట్టండి. మాత్ర అవసరమైతే డాక్టరును ముందే అడగండి. రైలు సాయంత్రం దిగితే ఆ రాత్రి ఆలువాలోనే బస చేసి ఉదయం కొండ ఎక్కడం మేలు.

సమస్య: చలికి పెద్దవాళ్ళు వణికిపోతారు.

కారణం: వెయ్యి మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మున్నార్ దాదాపు 1500 మీటర్ల ఎత్తులో ఉంది, ఉద్యానం ఇంకా పైన ఉంటుంది. చలికాలపు తెల్లవారుజామున అక్కడి గడ్డి మీద మంచు గడ్డకట్టిన రోజులూ ఉన్నాయి.

పరిష్కారం: సంక్రాంతికి వెళ్ళేవారు స్వెట్టర్లు, మంకీ క్యాపులు సామాను పెట్టె అడుగున కాక చేతి సంచిలో పెట్టుకోండి.

సమస్య: నీలకురింజి పూలు కనిపించవు.

కారణం, పరిష్కారం: అవి పన్నెండేళ్ళకు ఒకసారి పూస్తాయి. 2018లో పూశాయి, మళ్ళీ 2030లో పూయాలి. పిల్లలకు ముందే చెప్పండి.

సమస్య: సొంత బండిని ఉద్యానం లోపలికి వదలరు.

కారణం: ఉద్యానంలో సందర్శకులను అనుమతించే రాజమల వరకు అటవీ శాఖ బస్సులోనే వెళ్ళాలి, అక్కడి నుంచి తారు రోడ్డు మీద ఎగువకు నడక. తార్‌లు ఒక్కోసారి రోడ్డు పక్కనే, చేయి చాచితే అందేంత దగ్గరగా మేస్తుంటాయి.

పరిష్కారం: మోకాళ్ళ నొప్పులున్న నానమ్మ, తాతయ్యలతో వెళ్తే రద్దీ లేని ఉదయపు వేళ ఎంచుకుని, నడక అవసరమైనంత వరకే పెట్టుకోండి. సకినాలు తార్‌లకు వేయనివ్వకండి, నీళ్ళకు ప్లాస్టిక్ సీసాకు బదులు స్టీలు సీసా తీసుకెళ్ళండి.