బ్యాండ్ వస్తే చాలదు: దోమ కణాల్లో రొయ్యల వైరస్ (సమస్య - పరిష్కారం)

రొయ్యల వైరస్‌లను ల్యాబ్‌లో పెంచడానికి, రొయ్య నుంచి తీసి ఏళ్ల తరబడి పెంచుకోగల కణాలు, అంటే సెల్ లైన్, ఇప్పటికీ అందరికీ అందుబాటులో లేదు. అందుకే రొయ్యకు దూరపు చుట్టాలైన కీటకాల కణాలను ఆశ్రయిస్తాం. ఏడిస్ ఆల్బోపిక్టస్ దోమ లార్వాల నుంచి వచ్చిన సి6/36, కత్తెర పురుగు అండాశయం నుంచి వచ్చిన ఎస్ఎఫ్9 ఇందులో ముఖ్యమైనవి. నీలకంఠ రొయ్య పిల్లల్ని చంపే తెల్లతోక వ్యాధి వైరస్, ఎంఆర్ఎన్‌వీ, సి6/36లో పెరుగుతుందని మన దేశ పరిశోధకులే 2007లో చూపించారు. నేను రాస్తున్నది ఎక్కువగా ఈ జంట గురించే.

వైరస్ పోసిన మర్నాటికే కణాలు గుండ్రంగా ముడుచుకుని తేలిపోతున్నాయి

వైరస్ ఇంత త్వరగా చంపిందంటే నేను నమ్మను. వైరస్ కోసం జబ్బు రొయ్యను నూరి తీసిన రసాన్ని ముందు అనుమానించండి. నూరిన రొయ్యను బల్ల మీద కాసేపు వదిలేస్తే రంగు మారుతూ మారుతూ నల్లబడుతుంది. ఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ మెలనిన్ తయారుచేస్తోందన్నమాట. ఆ క్రమంలో పుట్టే క్వినోన్లు కణాలకు విషం.

నూరడం నుంచి వడకట్టడం దాకా అంతా ఐస్ మీదే చేయండి. రసాన్ని 10 రెట్లు, 100 రెట్లు పలచన చేసి వేర్వేరు ఫ్లాస్కుల్లో పోయండి. గంట తర్వాత తీసేసి, కడిగి, కొత్త మీడియం (కణాల పోషక ద్రవం) వేయండి. ఎంఆర్ఎన్‌వీ 26-27 నానోమీటర్లే కాబట్టి 0.22 మైక్రాన్ ఫిల్టర్ సులువుగా దాటుతుంది. తెల్లమచ్చ వైరస్ పొడవు 250 నానోమీటర్లకు పైనే, దానికి 0.45 వాడండి.

పక్కనే ఆరోగ్యమైన రొయ్య రసం పోసిన ఫ్లాస్క్ ఒకటి తప్పనిసరి. మొదట్లో నేనది పెట్టలేదు. చనిపోయిన కణాల ఫొటోలన్నీ వైరస్ లక్షణాలుగా నోట్‌బుక్‌లో అతికించాను. తర్వాత ఆరోగ్యమైన రసం పోసినా అచ్చం అవే ఫొటోలు వచ్చాయి. ఆ పేజీలన్నీ కొట్టేయాల్సి వచ్చింది.

పీసీఆర్‌లో బ్యాండ్ వస్తోంది, కణాలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి

బ్యాండ్ అంటే వైరస్ జన్యువు ఉందని పీసీఆర్ పరీక్ష చూపే గీత. కణాలు చావకుండానే అది రావడానికి రెండు కారణాలుండొచ్చు. వైరస్ కణాన్ని చంపకుండా లోపలే పెరుగుతూ ఉండొచ్చు, కీటక కణాల్లో అది మామూలే. లేదా మీరు పోసిన వైరసే ఫ్లాస్క్ అడుగున అతుక్కుని ఇంకా కనబడుతూ ఉండొచ్చు. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

కడిగిన చివరి నీళ్లను, సున్నా గంటల (కడిగిన వెంటనే తీసిన) నమూనాను దాచుకోండి. క్వాంటిటేటివ్ ఆర్‌టీ-పీసీఆర్‌లో మిగతా రోజుల సీటీ విలువల్ని వాటితో పోల్చండి (వైరస్ తక్కువైతే సీటీ ఎక్కువ). ఒక్కో పాసేజ్‌కు, అంటే ఒక ఫ్లాస్క్ ద్రవాన్ని మరో ఫ్లాస్క్‌కు మార్చిన ప్రతిసారీ, పదో వంతు చొప్పున కొత్త కణాల మీద పోస్తే, 5 పాసేజ్‌లకు లక్ష రెట్లు పలచబడుతుంది. వైరస్ పెరగకపోతే సీటీ మొదటి విలువ కన్నా 16-17 అంకెలు పెరిగి తీరాలి. సీటీ పెరగకుండా అక్కడే నిలిచిందంటే వైరస్ నిజంగా పుడుతోంది. ఎంఆర్ఎన్‌వీ జన్యువు ప్లస్ తంతువు. దానికి జతైన మైనస్ తంతువు వైరస్ తన నకళ్లు తీసుకునేటప్పుడే తయారవుతుంది, కాబట్టి అది దొరికితే ఇంకా గట్టి సాక్ష్యం. ఆర్‌టీ దశలో (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చేటప్పుడు) ప్రైమర్, అంటే ఆ పనిని మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క, వేయని గొట్టం కూడా పెట్టండి. అందులోనూ బ్యాండ్ వస్తే తంతువు గురించి ఏమీ చెప్పలేం.

వైరస్ పోయని ఫ్లాస్క్‌లోనూ వైరస్ రేణువులు

సెల్ లైన్‌కే సొంత వైరస్ ఉండొచ్చు. సి6/36 నిల్వలు కొన్నింటిలో డెన్సోవైరస్ ఉంటుంది. ఎస్ఎఫ్9లో రాబ్డోవైరస్ ఉన్నట్టు 2014లో బయటపడింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చిన్న గుండ్రటి డెన్సోవైరస్ రేణువుల్ని చూసి ఎంఆర్ఎన్‌వీ అనుకోవడం చాలా తేలిక. కణాల కొత్త వయల్ (సీసా) తెరిచిన రోజే ఈ వైరస్‌లకు, మైకోప్లాస్మాకు (కణాల్లో చేరే అతి చిన్న బాక్టీరియా) పరీక్ష చేయించండి. ఉన్నాయని తేలితే వేరే నిల్వ తెచ్చుకోవడమే, మందులతో శుభ్రం చేసే ప్రయత్నం వద్దు.

ఏమీ పోయకుండానే కణాలు నీరసిస్తున్నాయి

ఉష్ణోగ్రత చూడండి. ఇవి 27-28 డిగ్రీల కణాలు, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టకూడదు. ఎస్ఎఫ్9 మీడియం పీహెచ్ 6.2-6.4 ఉండాలి.

అన్ని పరీక్షలూ పాజిటివ్, కానీ రొయ్యకు జబ్బు రావడం లేదు

కణంలో వైరస్ ప్రోటీన్ తయారైనంత మాత్రాన పూర్తి వైరస్ బయటికొచ్చినట్టు కాదు. పాసేజ్‌లు పెరిగేకొద్దీ దోమ కణానికి అలవాటుపడి రొయ్యను పట్టుకునే శక్తి పోగొట్టుకోవడమూ ఉంటుంది. తొలి పాసేజ్‌ల ద్రవాన్ని చిన్న చిన్న వంతులుగా మైనస్ 80 డిగ్రీల్లో దాచండి. ప్రతి రెండు మూడు పాసేజ్‌లకోసారి, వైరస్ లేదని ముందే పరీక్షించిన నీలకంఠ పిల్లల్ని ఆ ద్రవంలో ముంచి, తోక తెల్లబడుతుందేమో చూడండి. తెల్లబడకపోతే, తెల్లబడిన చివరి పాసేజ్ దగ్గరికి వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టండి.